స్విచ్చి మీద తెల్ల టేపు

నాకు పాములంటే భయమనీ, ఆ భయంతోనే నా కూతురికి వచ్చిన గొప్ప అవకాశాన్ని నలుగురి మధ్య తగలబెట్టాననీ చికాగో పక్క షామ్‌బర్గ్‌లో మా తెలుగువాళ్ళు చెప్పుకుంటారు. బర్త్‌డే పార్టీల్లో చేతిలో పులిహోర ప్లేటుతో, నన్ను చూడగానే గొంతు తగ్గించి, నేను అటు తిరగగానే పెంచి మరీ చెప్పుకుంటారు. కాస్త మర్యాద తెలిసినవాళ్ళు భయం అనరు, "ఆవిడకి వాదించకపోతే అన్నం అరగదులెండి" అంటారు. ఈ రెండో మాటకి నాకు అభ్యంతరం లేదు. మొదటిది మాత్రం శుద్ధ అబద్ధం.

భయపడ్డ మనిషి దూరం జరుగుతుంది. నేను నాలుగేళ్ళు ఆ పాము పెంట ఎత్తాను. ఫ్రీజర్‌లో గోంగూర ప్యాకెట్ల కింద గడ్డకట్టిన ఎలకల్ని పక్కకి జరిపి పచ్చిబఠాణీలు తీసుకుని కూర వండాను. నాకున్నది రోత. అదీ పాము మీద కాదు.

మా అమ్మాయికి పదిహేనేళ్ళప్పుడు, కాలేజీకి వెళ్ళిపోతూ ఎవరో వదిలించుకున్న ఆడ బోవాను, కొండచిలువ లాంటి విషం లేని పామును, ఇంటికి తెచ్చింది. గోధుమరంగు ఒళ్ళు, వీపు మీద వరసగా జీను ఆకారంలో ముదురు మచ్చలు, తోకకి వచ్చేసరికి ఇటుక ఎరుపు. బోవా అంటే ఇలాగే ఉంటుందని పిల్లల పుస్తకాల్లో బొమ్మ వేస్తారే, అచ్చం అలాంటిది. బేస్‌మెంట్‌లో పెద్ద పెట్టె కట్టించుకుంది, పెట్టె కప్పుకి హీటరు బిగించుకుంది. హైస్కూలు అయ్యేసరికి పాము నాకంటే పొడుగైంది.

పెళ్ళికి ముందు నేను మిరప మీద పరిశోధన చేసే చోట మూడేళ్ళు పనిచేశాను. చదివింది అగ్రికల్చర్ ఎమ్మెస్సీ, చేసింది ఎండలో సాళ్ళ వెంట నడవడం. మిగతావాటిలా లేని మొక్క ఎక్కడ కనబడితే అక్కడ ఆగాలి. మొదటి ఏడాది నీళ్ళ కాలువ పక్కన ఒక మొక్కకి మూరెడేసి కాయలు చూసి, కొత్త రకం కనిపెట్టేశానని మా పెద్దసారు దగ్గరికి పరిగెత్తాను. ఆయన తలెత్తకుండానే అన్నారు: "దారం కట్టు. గింజ దాచు. వచ్చే ఏడు మాట్లాడు." మరుసటి ఏడు ఆ గింజలు నాటితే అన్నీ మామూలు కాయలే. ఆ పొడుగు మొక్కది కాదు, కాలువది. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకొక ఏడాది పట్టింది. బోవాలతో అదే పనికి మూడేళ్ళు కనీసం పడుతుంది. ఈ మొత్తం గొడవంతా ఆ మూడేళ్ళు ఆగలేనివాళ్ళ వల్లే.

ఆగలేనివాళ్ళలో మొదటివాడు మావారి పాత ఆఫీసు స్నేహితుడు. వరంగల్ వైపు మనిషి, పగలు సాఫ్ట్‌వేర్ మేనేజరు, మిగతా సమయమంతా పాముల వ్యాపారి. నన్ను అక్కా అంటాడు, మా అమ్మాయి ఆయన్ని అంకుల్ అంటుంది. ఒకసారి వాళ్ళ బేస్‌మెంట్ చూపించాడు. గోడ పొడుగునా బీరువా సొరుగుల్లా ప్లాస్టిక్ ట్రేలు, ఒక్కో ట్రేలో ఒక్కో పాము, ఒళ్ళు బారుగా చాపుకునే చోటు కూడా లేదు. వాసన తెలియకూడదని మొగలిపువ్వు అగరొత్తి వెలిగించి పెట్టాడు. ఎలకల మూత్రం, మొగలి అగరొత్తి కలిసిన వాసన ఎవరికైనా చెప్పి అర్థం చేయించడం నా వల్ల కాదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అగరొత్తి మానేశాను.

ఒక్కో ట్రే లాగి చూపిస్తూ, "ఇది మార్ఫ్ అక్కా. గిదీ మార్ఫే" అంటున్నాడు. మార్ఫ్ అంటే ఒంటి మీది రంగో, మచ్చల తీరో తల్లిదండ్రుల నుంచి పిల్లలకి దిగేది. పైకి కనబడకుండా లోపల దాచుకుని మోసే పాముని హెట్ అంటారు. అక్కడిదాకా సైన్సే. దాని మీద పెట్టే పేర్లు, కట్టే కథలు సైన్సు కావు.

"మీరివన్నీ నిజంగా పిల్లల్లోకి దిగుతాయని ఎలా తేల్చారు?" అన్నాను.

"తేల్చుడేంది అక్కా, కండ్లకు కనిపిస్తలేదా? అంత జెనెటిక్. మా బాబుకి మ్యాథ్స్ యాడికెల్లి వచ్చింది మరి?"

"ట్యూషన్ నుంచి" అన్నాను. వాడు వారానికి నాలుగు రోజులు ట్యూషన్‌కి వెళ్తాడని అందరికీ తెలుసు. ఆయన నవ్వాడు గానీ ఆ నవ్వులోనే నా పేర ఒక లెక్క రాసుకున్నాడని అప్పుడే అర్థమైంది.

మా అమ్మాయి కాలేజీలో చేరిన ఏడాది, ఇంటి నుంచే వెళ్ళివచ్చేది, తన పాముకి పిల్లలు కావాలంది. అంకుల్ తన మగ బోవాను అరువిచ్చాడు. అదీ మామూలుదే. ఒప్పందం ఏమిటంటే పుట్టినవాటిలో సగం ఆయనవి. మే నెలాఖరుకి ఆడపాము కడుపుతో ఉందని తేలింది. పొట్ట ఒక పక్కకి తిప్పుకుని గంటలు గంటలు హీటరు కిందే పడుకునేది. కడుపుతో ఉన్న బోవాకి వేడి ముఖ్యం. తిండి మానేస్తుంది, వేడి మానదు.

అదే మే నెలలో మా నాన్న వచ్చారు, ఆరు నెలలు ఉండటానికి. కరెంటు ఆఫీసులో ముప్పై ఏళ్ళకు పైగా చేసి రిటైరైన మనిషి. షార్ట్ సర్క్యూట్ అయిన ఇళ్ళు ఎన్ని చూశారో లెక్కలేదు. గదిలోంచి బయటికి వస్తూ స్విచ్చి కట్టకపోతే ఆయనకి కాలు ముందుకి పడదు. మా ఇంట్లో ప్లగ్గులకి స్విచ్చిలు లేవని తెలిసిన మొదటి రోజు గోడల వైపు చూస్తూ, "ఎప్పుడూ బతికే ఉంటుందా ఇందులో కరెంటు? ఎవరమ్మా ఈ దేశానికి వైరింగ్ చేసింది?" అన్నారు, నిజంగా బాధపడి.

సెప్టెంబరు చివర ఒక శనివారం పొద్దున్న పిల్లలు పుట్టాయి. బోవాలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. ఇరవై బతికినవి, మూడు చచ్చి పుట్టినవి, ఇవి కాక మైనం ముద్దల్లాంటి పసుపు పిండాలు. పాత టవలు మీద, నెత్తురూ జిగురూ. నేను గ్లోవ్స్ వేసుకుని చచ్చినవాటిని తీస్తుంటే మా అమ్మాయి అరిచింది, "మామ్! లుక్! దీనికి స్ట్రైప్ ఉంది!"

జీను మచ్చలు ఉండాల్సిన చోట మెడ నుంచి తోక దాకా ఒకటే చార. ఇంకోటి. ఇంకోటి. తల్లికి లేదు, తండ్రికి లేదు.

మధ్యాహ్నానికల్లా అంకుల్ దిగాడు, చేతిలో కాజూ కత్లీ డబ్బా. పాము పురుడుకి స్వీట్లు తెచ్చిన మనిషిని అప్పుడే చూశాను. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి, అబద్ధమాడను.

"బేటా, ఎనిమిది ఉన్నయ్. కొత్త మార్ఫ్ ఇది. ఇయ్యాల్టిదాంక ఎవ్వరి తాన లేదు. మిగతా పన్నెండు హెట్. మన తెలుగోళ్ళ పేరొకటి ఉండాలె దీనికి." కాసేపు ఆలోచించాడు. "కలంకారీ. కలంకారీ బోవా! ఎట్లుంది?"

"వావ్ అంకుల్" అంది మా అమ్మాయి.

కలంకారీ అంటే మనిషి చేత్తో పట్టుకున్న కలం. అది వంశంలో దిగదు, పక్కన కూర్చుని నేర్చుకుంటే వస్తుంది. పోనీ, పేరు సంగతి వదిలేద్దాం. "వీటికి పిల్లలు పుట్టి, వాటికి కూడా చారలొస్తే అప్పుడు మార్ఫ్ అనండి" అన్నాను.

"అక్కా, నువ్వు మిరపకాయల మనిషివి. ఇవి పాములు."

"రెండింటికీ తల్లీ తండ్రీ ఉంటారు కదండీ."

ఆయన నాతో మాట్లాడటం మానేసి మా అమ్మాయితో ప్లాను చెప్పాడు. నవంబరులో పక్క ఊళ్ళో పాముల ఎక్స్‌పో, అమ్మకాల సంత. అక్కడ అందరికంటే ముందు ప్రకటించాలి. చలికాలంలో మళ్ళీ అదే జంటని కలపాలి. అప్పటికింకా తల్లిపాము వెన్నెముక చర్మం కింద కనబడుతోంది. నాలుగు నెలలు తినకుండా మోసి, ఇప్పుడే కని, నీళ్ళ గిన్నెలో తలపెట్టి పడుకుంది. దాన్ని చూస్తూనే మళ్ళీ కలపాలన్నాడు. మా అమ్మాయి చారల పిల్లలకి ఫోటోలు తీసుకుంటోంది. అదైనా వద్దంటుందనుకున్నాను.

మర్నాడు నేను పని పెట్టుకున్నాను. ఇరవై పిల్లలు ఇరవై ప్లాస్టిక్ డబ్బాల్లో ఉన్నాయి. బేస్‌మెంట్ కార్పెట్ మీద వాటిని వరసగా పేర్చాను. అచ్చమైన జీను మచ్చలున్నది ఈ చివర, తెగని చార ఉన్నది ఆ చివర. మధ్యలో చార ఎంతెంత ఉందో ఆ క్రమంలో మిగిలినవన్నీ. తర్వాత మా అమ్మాయిని పిలిచాను.

"ఇందులో కలంకారీ ఏవి, కానివి ఏవి? ఎక్కడ విడదీస్తావో చూపించు."

అది చార ఉన్న చివర నుంచి లెక్కపెట్టి ఎనిమిదో డబ్బా దగ్గర చెయ్యి పెట్టింది. తొమ్మిదోదానికి కూడా నడుము దాకా చార ఉంది. చెయ్యి జరిపింది. పదోదానికి మెడ దగ్గర మూడంగుళాలు ఉంది. పదకొండోదానికి ఎడమ పక్క మచ్చలు కలిసిపోయాయి, కుడి పక్క కలవలేదు. పన్నెండోదానికి రెండే మచ్చలు అతుక్కున్నాయి. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

"వంశంలో దిగేదైతే ఎక్కడో ఒకచోట గట్టు కనబడుతుందే. ఇటువైపు ఉన్నవి, అటువైపు లేనివి. ఇది మెట్ల దారిలా ఉందా, జారుడుబండలా ఉందా?"

"జంగిల్ మార్ఫ్ కూడా వేరీ అవుతుంది మామ్. సేమ్ లిటర్‌లో డిఫరెంట్‌గా ఉంటాయి. చదువుకో."

జంగిల్ అనేది ఎప్పుడో తేలిన మార్ఫ్. అది చెప్పింది నిజమే, చదివాను కూడా. నిజంగా వంశంలో దిగే కొన్ని తీరులు కూడా ఒకే కాన్పులో ఒక్కో పిల్లలో ఒక్కోలా ఉంటాయి. కానీ చార బాగా ఉన్న వాటిలో రెండింటికి తోక చివర వంకర ఉంది, వంగిన తీగలా. ఒకదాని కన్ను చిన్నది. మచ్చలు చెదరడం, తోక వంకర, చచ్చిన పిల్లలు, ఇవన్నీ ఒకే కడుపులో కలిసి వచ్చాయంటే, ఆ కడుపు ఎక్కడో ఇబ్బంది పడిందని అర్థం. వేడి తగ్గి ఉండాలి, లేదా ఎక్కి దిగుతూ ఉండాలి.

"హీటరు ఎప్పుడైనా ఆగిందా?" అని అడిగాను.

"లేదు" అంది. నా మొహంలోకి చూసే అంది. "నీకు హ్యాపీగా ఉండటం రాదా మామ్? ఒక్కసారైనా?"

నేను ఊరుకోలేదు. హ్యాపీగా ఉండటానికి అమ్మే డబ్బా లేబుల్ మీద అబద్ధం రాయక్కర్లేదన్నాను. ఇంకా ఏమీ రాయలేదు కదా అంది. అక్కడితో ఆ రోజుకి ఆపాం. నాకు ఆ పాముల ధర అక్కర్లేదు, పేరూ అక్కర్లేదు. నా పిల్ల తనకి తెలియని విషయాన్ని తెలుసని రాసి, నమ్మినవాడి చేతిలో పెడుతుందా లేదా, అదొక్కటే నాకు కావాలి.

ఎక్స్‌పోకి నాలుగు రోజుల ముందు, నేను ఇంటి నుంచి పనిచేసే బుధవారం, ఉతికిన బట్టల కోసం బేస్‌మెంట్‌లోకి దిగాను. చేతుల్లో బుట్ట. పైకొస్తూ మెట్ల పక్కనున్న స్విచ్చిల్ని మోచేత్తో కిందికి నొక్కాను. మూడు స్విచ్చిలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి మెట్ల లైటుకి, ఒకటి గది లైటుకి. మూడోది దేనికో మాకు తెలియదు, దాని వైపు చూసేదాన్నే కాదు. ప్రతి అమెరికా ఇంట్లోనూ దేనికో తెలియని స్విచ్చి ఒకటి ఉంటుంది. రెండు కిందికి పడ్డాయి. మూడోది కదల్లేదు. దాని మీద తెల్ల టేపు అడ్డంగా అంటించి ఉంది.

టేపు ఎక్కడిదో చూడగానే తెలిసింది. నాన్న కాలి పుండుకి కట్టు కట్టుకునే ప్లాస్టరు. వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తున్న ఆయన దగ్గరికి వెళ్ళాను.

"నాన్నా, కింద స్విచ్చికి మీరే అంటించారా?"

"నేనెందుకు అంటిస్తానే? మీ అమ్మాయే. నా ప్లాస్టరు అడిగి తీసుకెళ్ళింది."

"ఎందుకట?"

"నేను రోజూ కట్టేస్తున్నానని. పొద్దున్న మీరంతా పోయాక కిందకెళ్ళి, మూడూ కలిపి ఇలా నిమిరేసేవాణ్ణి." గాలిలో అరచెయ్యి పైనుంచి కిందికి లాగి చూపించారు. "ఒకరోజు అది మధ్యాహ్నమే వచ్చేసింది. కిందకెళ్ళి పెద్ద కేక. నాకేం తెలుసమ్మా, ఆ మూడోది పాము హీటరు ప్లగ్గుదని? తాతయ్యా ఇది ముట్టుకోకు అంది. సరేనన్నాను. అప్పట్నుంచి ముట్టలేదు."

"ఎప్పుడిది?"

"వరలక్ష్మీ వ్రతం అయిన సోమవారం. వాయినం శనగలు అప్పటికింకా ఫ్రిజ్‌లో ఉన్నాయి, గుర్తుందా."

ఆగస్టు. ఆయన వచ్చింది మేలో. అంటే వేసవంతా దాదాపు ప్రతి పనిరోజూ పొద్దున్న ఆయన మూడూ కట్టేశారు. సాయంత్రం మా అమ్మాయి సమ్మర్ క్లాసుల నుంచి వచ్చి పుస్తకాల సంచితో దిగుతూ మోచేత్తో మూడూ పైకి లేపింది. మధ్యలో ఏడెనిమిది గంటలు, ఇంట్లో ఏసీ చలువంతా బేస్‌మెంట్‌లోకి దిగుతుంటే, ఆ తల్లిపాము చల్లటి హీటరు కింద పొట్ట తిప్పుకుని పడుకుంది. మిరప సాళ్ళ పక్కన చూసిన ఆ కాలువ నాకు మళ్ళీ దొరికింది. మా ఇంట్లోనే ఉంది, మా నాన్న అరచేతిలో.

నాన్న మీద కోపం రాలేదు. హీటరు ఆగిందా అని అడిగితే నా మొహంలోకి చూసి "లేదు" అన్న ఆ క్షణం గుర్తొచ్చి ఒంటి మీద ఏదో పాకినట్టయింది.

సాయంత్రం అది తలుపు తీసేసరికి ఎదురుగా నిలబడ్డాను. "టేపు ఎందుకు అంటించావు?"

షూస్ విప్పుతూ ఆగింది. "తాతయ్య చెప్పాడా?"

"నువ్వు చెప్పాల్సింది."

"ఓకే. ఆగింది. సో? దానివల్లే వచ్చిందని నువ్ ప్రూవ్ చేయగలవా?" లేచి నిలబడింది. "నువ్వే కదా అన్నావ్, నెక్స్ట్ జెనరేషన్ వచ్చేదాకా ఎవరూ ఏం చెప్పకూడదని. మరి జెనెటిక్ కాదని నువ్ ఎలా చెప్తావ్? యు డోంట్ నో ఈదర్."

నా మాటలే, నా గొంతుతోనే. మా చుట్టాలు దాన్ని చూసిన ప్రతిసారీ "నోరు మాత్రం అచ్చం నీదేనే" అంటారు. ఒక్క పిల్లతో ఏదీ తేలదని వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పానో. ఒక్క మొక్కని చూసి రకం పేరు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ పడదు.

"కరెక్ట్. నాకూ తెలియదు" అన్నాను. "తెలియనప్పుడు తెలియదని రాయి. హీటరు ఆగిందని కూడా రాయి. కొనేవాళ్ళని తేల్చుకోనీ."

"అంకుల్ ఒప్పుకోడు."

"ఎక్కువ ఒప్పుకోనిది ఆయనా, నువ్వా?"

షూస్ అరలో పెట్టి సరే అంది. "పాజిబుల్ అని రాస్తా. ఆదివారం నువ్ కూడా రా. చూస్కో."

వెళ్ళాను. పశువుల సంతలు చూసినదాన్నే, కానీ అక్కడ కనీసం పశువుకి నిలబడే చోటుంటుంది. ఇక్కడ బల్లల మీద పెరుగు కప్పుల్లాంటి డబ్బాలు, ఒక్కో డబ్బాలో చుట్టుకున్న ఒక్కో ప్రాణి, మూత మీద పేరు. మనుషులు డబ్బా ఎత్తి, లైటు కింద వంచి, పళ్ళు బాగున్నాయా అన్నట్టు చూసి కింద పెడుతున్నారు. అంకుల్ కొత్త షర్టు వేసుకుని నుదుట బొట్టు పెట్టుకొచ్చాడు. బల్ల వెనక పెద్ద బ్యానరు. దాని మీద కలంకారీ నెమలి, పక్కన మా చారల పిల్ల ఫోటో. డబ్బాల మీద లేబుళ్ళు చదివాను. "కలంకారీ. ప్రూవెన్ జెనెటిక్." మిగతా వాటి మీద, "హండ్రెడ్ పర్సెంట్ హెట్."

ఆ చేతిరాత మా అమ్మాయిది.

నేను దాని వైపు చూశాను. అది డబ్బాలు సర్దుతున్నట్టు తల వంచుకుంది. అంతలో ఒకావిడ వచ్చింది. నా వయసే ఉంటుంది, స్కూలు బస్సు నడుపుతానని మాటల్లో చెప్పింది. ఇంట్లో ముసలి బోవా ఒకటుందట, దానికి జోడీ కోసం చూస్తోందట. చారల డబ్బా ఒకటి రెండు చేతులతో ఎత్తి, చంటిపిల్లని చూసినట్టు చూసింది.

"ఇది నిజంగా పిల్లలకి దిగుతుందని తేలిందా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"అబ్సల్యూట్లీ" అన్నాడు అంకుల్.

ఆవిడ మా అమ్మాయి వైపు తిరిగింది. "నువ్వేనా పెంచింది? నువ్వు చెప్పమ్మా."

నిజం నేను చెప్పడం కాదు, అది చెప్పాలి. ఒక్క మాట చాలు. ష్యూర్ కాదు అన్నా చాలు.

"యా" అంది మా అమ్మాయి.

అప్పుడు నేను నోరు తెరిచాను. పక్క బల్లలవాళ్ళకి వినబడేలా అన్నానని తర్వాత అన్నారు. నిజమే, నా గొంతు చిన్నది కాదు. వేసవంతా మా నాన్న పొద్దున్నే హీటరు స్విచ్చి కట్టేశారనీ, తల్లి చలికి పడుకుందనీ, మూడు చచ్చి పుట్టాయనీ, రెండింటికి తోక వంకరనీ, ఇది వంశమో చలో ఎవరికీ తెలియదనీ, ఆ లేబుల్ అబద్ధమనీ చెప్పాను. ఆవిడ డబ్బా మెల్లిగా కింద పెట్టింది. నాకు థ్యాంక్స్ చెప్పింది. మా అమ్మాయి వైపు మళ్ళీ చూడకుండా వెళ్ళిపోయింది. ఆ చూడకపోవడం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

"ఏందక్కా ఇది? నలుగుర్ల పరువు తీసినవ్" అన్నాడు అంకుల్, పళ్ళ బిగువున, మొహం మీద నవ్వు చెదరకుండా.

"పరువు కూడా ఓ లేబుల్ మీద రాసి అంటించుకోవాల్సింది, అతికి ఉండేదేమో" అన్నాను. అనకుండా ఉండాల్సింది. అన్నాను.

ఆయన తన సగం ఆయన తీసుకున్నాడు, ఆన్‌లైన్‌లో కలంకారీ పేరుతోనే అమ్మేశాడు. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి "హెట్ కలంకారీ" అని పెడతాడు, దాన్ని ఇంకొకడు కొంటాడు. మా నాన్న అరచేతికి ఈ దేశంలో ఎంతమంది వారసులున్నారో తలుచుకుంటే ఒళ్ళు కంపరమెత్తుతుంది.

మా అమ్మాయి తన పది డబ్బాలూ కార్లో పెట్టుకుంది. గరాజ్‌లో ఇంజన్ ఆపి అంది, "నన్ను అన్నావ్, ఓకే. తాతయ్యని ఎందుకు లాగావ్?"

నేను కారు దిగి డబ్బాలు లోపలికి మోశాను. అంకుల్ భార్య ఆ వారంలోనే ఫోన్ చేసి, నాన్నని పలకరించినట్టే పలకరించి మొత్తం చెప్పేసింది. ఆ తర్వాత ఆయన మా ఇంట్లో ఏ స్విచ్చీ ముట్టుకోలేదు. వెయ్యడానికి కూడా. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నవంబరు చీకట్లో సోఫాలో కూర్చుని ఉండేవారు. "లైటు వేసుకోవచ్చు కదా నాన్నా" అంటే, "నువ్వొస్తావు కదమ్మా" అనేవారు. మూడు చచ్చిన పిల్లల సంగతి ఒక్కసారే ఎత్తారు. "వాటికి నొప్పి తెలిసి ఉంటుందంటావా?" అన్నారు. తెలియదన్నాను. తెలియనప్పుడు తెలియదనే అంటాను మరి.

ఆ నెలాఖరుకి ఆయన వెళ్ళిపోయారు. ఇప్పుడు వీడియో కాల్‌లో మమ్మల్నందర్నీ పలకరించాక చివర్లో అడుగుతారు, "పాముకి కరెంటు ఉందా?"

మా అమ్మాయి నాతో మామూలుగా మాట్లాడటానికి రెండు నెలలు పట్టింది. తల్లిపాముని ఆ చలికాలం కలపలేదు, ఆ తర్వాత కూడా కలపలేదు. పిల్లల్లో తొమ్మిదింటిని "పెట్" అని మాత్రమే రాసి ఇచ్చేసింది. చార పూర్తిగా ఉన్న మగపిల్ల ఒకదాన్ని ఉంచుకుంది. ఎందుకని అడగలేదు. ఒకరోజు పెట్టె గడియకి ఎర్ర దారం ముడి చూశాను. మిరప సాళ్ళ కథ దానికి చిన్నప్పుడెప్పుడో చెప్పి ఉంటాను.

మూడేళ్ళు ఆగింది. దూరపు ఊరి నుంచి, ఏ చుట్టరికమూ లేని మామూలు ఆడ బోవాను తెచ్చింది. హీటరుని వేరే ప్లగ్గుకి మార్చి, రోజుకి రెండుసార్లు వేడి చూసి నోట్‌బుక్‌లో రాసింది. ఈ ఏడాది పదిహేడు పిల్లలు పుట్టాయి. వరసగా పేర్చింది, ఈసారి నేను చెప్పకుండానే. పదిహేడూ జీను మచ్చలవే, ఒక్క చారా లేదు.

"సో, డామినెంట్ కాదు" అంది, అంటే తండ్రి ఒక్కడి నుంచే దిగే రకం కాదని. "రిసెసివ్ అయ్యుండొచ్చు, ఇద్దరి నుంచీ రావాల్సింది. వీటిని మళ్ళీ వెనక్కి తండ్రితో కలిపితే గానీ తెలీదు. ఇంకో మూడేళ్ళు." నోట్‌బుక్‌లో ఏం రాసిందో తొంగి చూశాను. "చారలు, సున్నా. కారణం, ఇంకా తెలియదు." తెలుగులో రాసింది, వంకర అక్షరాలతో. నేను చదవాలనే రాసి ఉంటుంది.

సంతోషించాలి కదా. సంతోషించాను కూడా, కాసేపు. బట్టల బుట్ట ఎత్తుకుని మెట్లెక్కుతుంటే మోచెయ్యి మళ్ళీ ఆ మూడో స్విచ్చికి తగిలింది. ప్లగ్గు మార్చేసినా టేపు ఎవరూ తియ్యలేదు. అంచులు నల్లబడి, మధ్యలో ఇంకా గట్టిగానే ఉంది. ఆగస్టులో ఆ ప్లాస్టరు అంటించినప్పుడు పిల్లలు కడుపులో ఉన్నాయి. చార సంగతి ఎవరికీ తెలియదు. తల్లిని కాపాడటానికి అంటించి ఉంటుంది. కానీ నెల తర్వాత చారలు చూసి, అంకుల్ తెచ్చిన కాజూ కత్లీ నోట్లో పెట్టుకున్నప్పుడే స్విచ్చి సంగతి గుర్తొచ్చిందా? లేక నేను డబ్బాలు పేర్చి చూపించాకే గుర్తొచ్చిందా? మొదటిదైతే తెలిసి చేసిన మోసం, రెండోదైతే పట్టుబడ్డ భయం. మూడేళ్ళుగా ఆ మాట అడగాలని మెట్ల దాకా వస్తాను, బుట్ట పట్టుకుని వెనక్కి పోతాను. ఇది రాస్తే చదువుతుందని తెలుసు. తెలుగు నెమ్మదిగా చదువుతుంది గానీ చదువుతుంది. అందుకే ఇక్కడే అడుగుతున్నాను.

హీటరు ఆగిందా అని నేనడిగినప్పుడు, నా మొహంలోకి చూస్తూ లేదన్నావే, ఆ చారలకి ఆ స్విచ్చి కారణం కావచ్చని అప్పటికే నీకు తెలుసా?